తాతయ్య గారి పాత రాలీ సైకిలు, క్రాంకులు ఊడట్లేదు. ఇది ఏ రకం, ఎలా తీయాలి?

తెనాలి_రాలీ:

అందరికీ నమస్కారం అండి. మా తాతయ్య గారు ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారుగా చేశారు, తెనాలి పక్కన పల్లెటూరు మాది. ఆయన సైకిలు పాతికేళ్ళుగా గొడ్ల చావిట్లో గోడకి ఆనించి ఉండిపోయింది. మొన్న సంక్రాంతికి వెళ్తే చావిడి పడగొట్టి రేకుల షెడ్డు వేస్తున్నాం, దీన్ని పాత ఇనుముకి వేసేద్దామా అని బాబాయ్ అడిగాడు, నేను ఒప్పుకోలేదు, ట్రాలీ ఆటోలో వేయించుకుని గుంటూరులో మా ఇంటికి తెచ్చేసుకున్నాను.

టైర్లు ట్యూబులు కొత్తవి వేశాను, 28 ఒకటిన్నర సైజు ఇంకా దొరుకుతోంది కాబట్టి దానికి ఇబ్బంది కాలేదు. రాడ్ బ్రేకులు కిరసనాయిలుతో కడిగితే బాగానే కదులుతున్నాయి. అసలు ఇబ్బంది పెడళ్ళ దగ్గర. తొక్కుతుంటే లోపల గరగరమని శబ్దం, పైగా ప్రతి రౌండుకీ ఒకసారి ఎడమ కాలి కింద టక్కుమని తెలుస్తోంది. బీబీ, అంటే పెడళ్ళ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్, విప్పి కడగాలి, గ్రీజు పెట్టాలి అని అర్థమైంది కానీ దానికి ముందు క్రాంకులు, అంటే పెడళ్ళని ఇరుసుకి కలిపే కడ్డీలు, తీయాలి కదా, అక్కడే ఆగిపోయాను.

క్రాంకు మొదట్లో, అంటే ఇరుసు దగ్గర, అడ్డంగా దూరిన పిన్నుకి ఒకవైపు చిన్న నట్టు ఉంది, రెండోవైపు గుండ్రటి బొడిపె ఉంది. మా వీధి చివర షాపుకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు కుడివైపు నట్టు పూర్తిగా తీసేసి, స్టాండు మీద ఉండగానే సుత్తితో పై నుంచి టకటకా నాలుగైదు దెబ్బలు వేశాడు. ఆ మర కొస కాస్తా నలిగి పుట్టగొడుగులా విచ్చుకుంది, పిన్ను మాత్రం వెంట్రుకంత కూడా కదల్లేదు. నాకు ప్రాణం ఉసూరుమంది. చాలు అని చెప్పి ఇంటికి నడిపించుకు వచ్చేశాను. ఎడమవైపుది ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

ఇంకో విషయం, చైన్ వీల్ మధ్యలో మూడు కొంగలు కత్తిరించినట్టు ఉన్నాయి. చిన్నప్పుడు తాతయ్య ఆ కొంగల్ని చూపించి లెక్కపెట్టమనేవారని, పెడల్ గిరగిరా తిప్పితే మూడూ కలిసిపోయి కనపడేవని అమ్మ చెప్పింది. అందుకే చైన్ వీల్‌కి ఏమీ కాకూడదు, అదొక్కటే నా భయం. ఇది ఇంగ్లండ్ సైకిలేనా, మన దగ్గర చేసిందా? ఈ క్రాంకుని ఏమంటారు, పాడవకుండా ఎలా తీయాలి? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.


రాడ్‌బ్రేక్_రాజమండ్రి:

తమ్ముడూ, ముందు సుత్తి ఆపించావు చూడు, మంచి పని చేశావు. మా నాన్న గారికి రాజమండ్రిలో అద్దె సైకిళ్ళ షాపు ఉండేది, గంటకింత అని ఇచ్చే రోజుల్లో. ఈ పిన్నులు కొట్టడం నేను హైస్కూల్లో ఉండగానే నేర్చుకున్నాను, చేతులు కూడా కాయించుకున్నాను, కాబట్టి తీరిగ్గా చెప్తాను.

మూడు కొంగలు ఉంటే రాలీయే. ఆ కంపెనీ గుర్తు కొంగ తల, చైన్ వీల్‌లో మూడు పెట్టేవాళ్ళు. ఆ కాలంలో ఇంగ్లీషు కంపెనీలు చైన్ వీల్‌నే సంతకంలా వాడుకున్నాయి, బీఎస్‌ఏ వాళ్ళైతే ఏకంగా అక్షరాలు కత్తిరించేవాళ్ళు, రడ్జ్ వాళ్ళది అరచెయ్యి. దూరం నుంచి చైన్ వీల్ చూసే ఎవరిదో చెప్పేసేవాళ్ళం. అయితే మన దగ్గర అసన్సోల్‌లో సెన్ రాలీ ఫ్యాక్టరీ కూడా ఉండేది కదా, అందుకని కొంగ ఒక్కటే చూసి ఇంగ్లండ్ అనెయ్యకు. హ్యాండిల్ కింద ముందు గొట్టానికి ఇత్తడి బ్యాడ్జీ ఉంటుంది, మట్టి తుడిచి చూడు, నాటింగ్‌హామ్ ఇంగ్లండ్ అని ఉందేమో. వెనక హబ్బు స్టర్మీ ఆర్చర్ మూడు గేర్లది అయితే ఇంకా మంచిది, హబ్బు మీద సంవత్సరం, నెల అంకెలు గుద్ది ఉంటాయి. మెత్తటి గుడ్డకి కిరసనాయిలు తడిపి తుడువు, ఎమెరీ పేపరు మాత్రం పెట్టకు, అంకెలు అరిగిపోతాయి.

ఇక నీ క్రాంకుని కాటర్ క్రాంకు అంటారు, అడ్డంగా దూరిన ఆ ముక్క కాటర్ పిన్ను. పాత సైకిలు ఏదైనా సరే క్రాంకు మీద చెయ్యి వేసే ముందు ఇరుసు కొస దగ్గర ఒక్క నిమిషం చూడాలి. నీకున్నట్టు పక్క నుంచి పిన్ను దూరి నట్టు ఉంటే కాటర్. పిన్ను లేకుండా ఇరుసు కొసకి ఎదురుగా బోల్టు గానీ దాని మీద మూత గానీ ఉంటే అది కాటర్‌లెస్సు, లోపల ఇరుసు నలుచదరంగా ఉంటుంది, దానికి పుల్లర్ కావాలి, అంటే క్రాంకు మరలో బిగించి లాగే పనిముట్టు, సుత్తి అస్సలు పనికిరాదు. రెండూ కాకుండా కుడి క్రాంకు, ఇరుసు, ఎడమ క్రాంకు అన్నీ ఒకే ఇనప కడ్డీని వంచి చేసినట్టు ఉంటే అది వన్ పీసు, అమెరికా ష్విన్ సైకిళ్ళకీ, మన దగ్గర కొన్ని పిల్లల సైకిళ్ళకీ కనపడుతుంది. ఆ రకానికి ఎడమ పెడల్ తీసి, ఎడమవైపు పెద్ద నట్టు రివర్సు మర కాబట్టి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పి విప్పి, మొత్తం కడ్డీని కుడివైపు నుంచి పాములా మెలికలు తిప్పుతూ లాగేయడమే. ఏది ఏ రకమో తెలీకుండా మొదలుపెడితేనే పాత సైకిళ్ళు పాడయ్యేది, తుప్పు వల్ల పాడైనవి నేను చూసింది తక్కువ.

కాటర్ ఎలా పట్టుకుంటుందో తెలిస్తే తీయడం సులువు. పిన్ను ఒక పక్క ఏటవాలుగా చదునుగా ఉంటుంది, ఇరుసుకి కూడా అక్కడ ఒక చదును కోసి ఉంటుంది, ఆ రెండు చదునులూ ఒకదాన్నొకటి ఒరుసుకుని బిగుస్తాయి. గొడ్డలి కామ వదులైతే చెక్క ముక్క దిగ్గొడతామే, అదే లెక్క. నట్టు దాన్ని ఊడిపోకుండా పట్టుకుంటుందంతే, బిగువంతా కొట్టడంలో వస్తుంది. ఇది తెలియక నట్టుతోనే లాగి బిగించాలని చూస్తారు, మర తెగిపోతుంది.

ఇప్పుడు తీసే పద్ధతి. ముందు పెడళ్ళు విప్పుకో, క్రాంకులు ఇరుసు మీద ఉన్నప్పుడే అవి సులువుగా వస్తాయి. కుడి పెడల్ మామూలు మర, ఎడమ పెడల్ రివర్సు మర, మర్చిపోకు. నీది నిండు చైన్ కవర్ ఉన్న బండి అయితే కవర్ కూడా ముందే విప్పాలి. తర్వాత పిన్ను రెండు కొసల దగ్గరా తుప్పు వదిలే ఆయిల్ కొట్టు, లేకపోతే కిరసనాయిలు, డీజిలు ఏదైనా పర్లేదు, రోజుకి రెండుసార్లు చొప్పున మూడు రోజులు పోయి. తొందరపడకు, సగం పని అదే చేసిపెడుతుంది.

అసలు కిటుకు ఏంటంటే క్రాంకు కింద ఊతం. ఊతం లేకుండా కొడితే నువ్వు వేసిన దెబ్బ ఇరుసులోకి, బాల్సులోకి, అవి తిరిగే కప్పుల్లోకి పోతుంది, పిన్ను దాకా చేరదు, ఆ షాపులో జరిగింది అదే. ఒక జీఐ గొట్టం ముక్క తెచ్చుకో, అర అంగుళానిది సరిపోతుంది. పిన్ను బొడిపె గొట్టం లోపలికి పడాలి, క్రాంకు మాత్రం గొట్టం అంచు మీద కూర్చోవాలి. నట్టు పైకి వచ్చేలా పెడల్ తిప్పుకుని క్రాంకుని నేలకి పడుకోబెట్టినట్టు పెట్టు, అప్పుడు పిన్ను నిలువుగా నిలబడుతుంది. గొట్టాన్ని నేల నుంచి క్రాంకు దాకా ఉండే ఎత్తు కంటే ఒక వేలు పొడుగ్గా కోయించుకుంటే చక్రాలు నేల మీద నుంచి కొంచెం లేస్తాయి, సైకిలు బరువంతా గొట్టం మీదే ఉంటుంది. ఇంకో మనిషి సైకిలు పట్టుకోవాలి, ఇది ఒక్కడి పని కాదు.

నట్టు పూర్తిగా తీయొద్దు, మర కొసకి సమానంగా వచ్చేదాకా వదులు చేసి ఉంచు, మర నలగకుండా కాపాడుతుంది. ఒక కిలో సుత్తి తీసుకుని గురి చూసుకుని ఒకే ఒక్క గట్టి దెబ్బ నిట్టనిలువుగా వెయ్యి. చిన్న చిన్న దెబ్బలు పది వేస్తే పిన్ను కొస విచ్చుకుంటుంది గానీ లోపల కదలదు. కదిలినప్పుడు నీకే తెలుస్తుంది, ఠంగుమనే శబ్దం ఆగి టప్పుమని మెత్తగా వినపడుతుంది. ముందు ఎడమవైపు చెయ్యి, చెయ్యి తిరుగుతుంది. కుడిది నలిగింది కాబట్టి దాన్ని ఇప్పుడే కొట్టకు.


ఓరుగల్లు_సైకిల్:

అన్నా, రాజమండ్రి అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు, నేనొక మాట కలుపుత. నా దగ్గర మా బాపు అట్లాస్ ఉన్నది, దానికి కూడ గిదే కాటర్. నేనైతే సుత్తి వాడలే, మా అపార్టుమెంట్ల చప్పుడు చేస్తె ఊకోరు, అందుకని సీ క్లాంపుతోని తీసిన.

పెద్ద సీ క్లాంపు కావాలె, అంటె సీ అక్షరం లెక్క ఉండి స్క్రూ తిప్పితె బిగిసేది, మంచి బరువున్నది, సన్నటిది తెస్తె వంగుతది. పిన్ను బొడిపె దిక్కు ఒక సాకెట్ పెట్టాలె, 15 గానీ 16 నంబరు గానీ, బొడిపె అందులకు దూరెటట్టు చూసుకోవాలె. మర దిక్కు క్లాంపు స్క్రూ వచ్చి నిటారుగా ఆనాలె, కొంచెం పక్కకు పోయినా పిన్ను వంగుతది. పానాతోని బిగించుకుంట పోవాలె, మస్తు బిగిసినంక ఆగి, సీ క్లాంపు బాడీ మీద సుత్తితోని చిన్నగ ఒక్కటి తగిలియ్యాలె, ఆ అదురుకు వస్తది. నాకు మూడోసారికి పటుక్కుమని వచ్చింది, ఎంత చప్పుడంటె క్రాంకే ఇరిగిందనుకున్న. కండ్లకు అద్దాలు పెట్టుకో అన్నా, పిన్ను ముక్కలు ఎగురుతయ్.

క్రాంకుకు వేడి కూడ పెట్టొచ్చు, బ్లో ల్యాంపుతోని, క్రాంకు వ్యాకోచించి పిన్నును వదులుతది. కానీ క్రోమ్ ఉంటె రంగు మారుతది, నీ బండికి కొంగలున్నయ్ కాబట్టి కుడి దిక్కు వద్దనే చెప్త.


తెనాలి_రాలీ:

రాజమండ్రి అన్నయ్యా, ఓరుగల్లు అన్నా, ఇద్దరికీ చాలా చాలా థాంక్స్.

బ్యాడ్జీ తుడిచాను, నాటింగ్‌హామ్ ఇంగ్లండ్ అని స్పష్టంగా ఉంది. వెనక హబ్బు స్టర్మీ ఆర్చరే, ఏడబ్ల్యూ అని ఉంది, పక్కన 55, దాని పక్కన 3. అంటే 1955 మార్చి అనుకోవచ్చా? ఇంట్లో అందరూ ఇది స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది కొన్నదే అంటుంటారు, అమ్మకి ఫోన్ చేసి చెప్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత అయితే తాతయ్యకి ఉద్యోగం పర్మనెంట్ అయ్యాక కొన్నదన్నమాట, మొదటి జీతాల డబ్బు అంది.

మూడు రోజులు ఆయిల్ పోశాను. నేల నుంచి కొలిస్తే పన్నెండు అంగుళాలకి కొంచెం తక్కువ వచ్చింది, గొట్టం దానికంటే ఒక వేలు ఎక్కువ కోయించాను. మా బావమరిది సైకిలు పట్టుకున్నాడు. ఎడమది, మీరు చెప్పినట్టే, రెండో దెబ్బకి శబ్దం మారింది, మూడో దెబ్బకి పిన్ను గొట్టంలోకి జారి కింద టైల్ మీద పడింది. బయటికి తీసి చూస్తే చదును పక్క మధ్యలో అడ్డంగా మెట్టులా అరిగిపోయి ఉంది, గోరు పెడితే ఆగుతోంది. ఆ టక్కు శబ్దం ఇదేనా?

కుడిది మాత్రం రాలేదు. పుట్టగొడుగు అయిన చోట సీ క్లాంపు నిలవట్లేదు, జారిపోతోంది. ఏం చెయ్యాలి?


రాడ్‌బ్రేక్_రాజమండ్రి:

అదే తమ్ముడూ, ఆ మెట్టే టక్కు. పిన్ను కొంచెం వదులైనా కాలు బరువు పడిన ప్రతిసారీ ఇరుసు చదును పిన్నుని కొరుకుతుంది, అలాగే తొక్కుకుంటూ పోతే చివరికి ఇరుసు చదును కూడా గుండ్రంగా అయిపోతుంది, అప్పుడు ఎన్ని పిన్నులు మార్చినా నిలవదు. నీ ఇరుసు చదును మీద వేలు పెట్టి చూడు, అంచులు పదునుగా ఉంటే బతికినట్టే. 55, 3 అంటే హబ్బు తయారైంది 1955 మార్చిలో, సైకిలు ఆ తర్వాత నెలల్లో కట్టి ఉంటారు.

కుడిదానికి లేత్ పని చేసే మన వాళ్ళు ఒకరు ఈ గ్రూపులో ఉన్నారు, ఆయన్ని పిలుస్తున్నాను.


బాలానగర్_లేత్:

పిలిచారని వచ్చానండి. ముప్పై ఏళ్ళుగా ఇనుముతోనే ఉంటాను, పిన్ను ఇరుక్కుంది అని ఎవరన్నా అంటే నాకు నిద్ర పట్టదు.

మీరు ఒకటి మనసులో పెట్టుకోండి, పిన్ను కొత్తది వస్తుంది, ఆ కొంగల చైన్ వీల్ రాదు. ఈ రకం బళ్ళలో చైన్ వీల్‌ని కుడి క్రాంకుకే నొక్కి బిగించేస్తారు, రెండూ ఒకటే ముక్క కింద లెక్క, కాబట్టి క్రాంకు పాడైతే చైన్ వీల్ కూడా పోయినట్టే. పిన్నుని బలి ఇవ్వడానికి వెనకాడకండి.

నలిగిన మర భాగం హాక్సా బ్లేడుతో క్రాంకుకి సమానంగా కోసేయండి, క్రాంకు మీద గీత పడకుండా పాత టిన్ను రేకు ఒకటి కప్పుకోండి. కోసిన చోట ఆకురాయితో చదును చేసి, సరిగ్గా మధ్యలో సెంటర్ పంచ్‌తో ఒక గుంట పెట్టండి. ఆ మధ్య ఎక్కడో కళ్ళతో కాదు స్కేలు పెట్టి చూసుకోండి, ఎందుకంటే పిన్నుకి ఒక పక్క చదును ఉంది కదా, బిట్టు అటు పోతే ఇరుసుకి తగులుతుంది. ఇరుసు గట్టిపరిచిన ఉక్కు, బిట్టు దాన్ని కొయ్యలేక పక్కకి జారి క్రాంకుని తినేస్తుంది. ముందు 3 మి.మీ. బిట్టుతో చిన్న బెజ్జం వేసి, తర్వాత 5 లేక 6 వరకు వెళ్ళండి, అంతకంటే పెద్దది వద్దు. డ్రిల్లు నెమ్మదిగా తిరగాలి, ఆయిల్ చుక్కలు వేస్తూ ఉండాలి, పొగ వస్తోందంటే ఆగండి. పిన్ను మెత్తటి ఇనుము కాబట్టి వెన్నలా కాకపోయినా బాగానే దిగుతుంది.

మూడొంతులు లోతు వెళ్ళాక పిన్ను లోపల డొల్ల అవుతుంది, దాని గోడల బిగువు సడలిపోతుంది. అప్పుడు మళ్ళీ మీ గొట్టం ఊతం కింద పెట్టి, 8 మి.మీ. మందం ఉన్న పంచ్ గానీ పాత బోల్టు గానీ పెట్టి ఒక్క దెబ్బ వేస్తే వచ్చేస్తుంది. చేతి డ్రిల్లుతో నమ్మకం లేకపోతే మీ దగ్గర్లో లేత్ షాపుకి సైకిలుతో సహా తీసుకెళ్ళండి, ఇది వాళ్ళకి అరగంట పని. కానీ మీరు పక్కనే నిలబడండి.

కొత్త పిన్ను కొనేటప్పుడు వెర్నియర్, అంటే సన్నటి కొలతలు తీసే స్కేలు, పెట్టి కొలిపించండి. ఇంగ్లీషు రాలీకి 9.5 మి.మీ. కావాలి, మూడెనిమిదో వంతు అంగుళం అన్నమాట. చాలా ఫ్రెంచి, ఇటాలియన్ బళ్ళకి 9 మి.మీ. వస్తుంది. అర మిల్లీమీటరే కదా అని 9 వేస్తే పిన్ను బెజ్జంలో ఊగుతుంది, మీరు పడ్డ శ్రమంతా నెలలో మళ్ళీ మొదటికొస్తుంది. రెండు పిన్నులూ ఒకే పెట్టెలోవి తీసుకోండి, ఏటవాలు రెండిటికీ ఒకేలా ఉండాలి.


మిషిగన్_తెలుగు:

ఈ థ్రెడ్ మొత్తం కూర్చుని చదివాను, చాలా రోజుల తర్వాత మా ఊరి సైకిల్ షాపు వాసన వచ్చినట్టు అనిపించింది. నాది వేరే రకం గొడవ కానీ తర్వాత ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నేను ఇక్కడ గరాజ్ సేల్‌లో డెబ్భైల నాటి ఫ్రెంచి టూరింగ్ సైకిలు కొన్నాను, అల్యూమినియం క్రాంకులు, టీ.ఏ. కంపెనీవి. కాటర్ లేదు, ఎదురుగా మూత, దాని కింద బోల్టు, అంటే రాజమండ్రి గారు చెప్పిన రెండో రకం. ఈ కాటర్‌లెస్ క్రాంకు కూడా ఏమీ కొత్తది కాదు, ఫ్రాన్సులో స్ట్రాంగ్‌లైట్ వాళ్ళు 1933లోనే తెచ్చారు. నా దగ్గర మామూలు పుల్లర్ ఉంది, అందరూ వాడేదే, 22 మి.మీ. మర. పెడితే కొంచెం వదులుగా ఉన్నా రెండు మరలు పట్టింది, సరేలే అని పానా తిప్పాను, మూడో తిప్పుకి కరకరమని క్రాంకు లోపలి మర మొత్తం చుట్టలు చుట్టలుగా వెంట్రుకల్లా బయటికి వచ్చేసింది. ఆ వెండిరంగు చుట్టలు అరచేతిలో పెట్టుకుని ఆ రాత్రి ఎంతసేపు కూర్చున్నానో.

తర్వాత తెలిసింది ఏంటంటే పాత టీ.ఏ. క్రాంకుల మర 23 మి.మీ., పాత స్ట్రాంగ్‌లైట్‌వి 23.35. ఈ రెండిటికీ వేరే వేరే పుల్లర్లు. 22 పుల్లర్ స్ట్రాంగ్‌లైట్‌లో పట్టకుండా వదులుగా జారిపోతుంది కాబట్టి మనిషి అనుమానపడి ఆగుతాడు, టీ.ఏ.లో మాత్రం పట్టీ పట్టనట్టు పడుతుంది, మోసపోయేది అక్కడే. పుల్లర్ చేత్తోనే చివరిదాకా నున్నగా, ఊగకుండా దిగాలి, అలా దిగకపోతే అది ఆ క్రాంకుది కాదు. ఇంకోటి, బోల్టు తీశాక దాని కింద వాషర్ చూడండి, చాలాసార్లు గ్రీజుకి అతుక్కుని లోపలే ఉండిపోతుంది. వాషర్ ఉండగా పుల్లర్ తిప్పితే స్క్రూ ఇరుసుని కాకుండా ఆ వాషర్‌ని నొక్కుతుంది, వాషరేమో క్రాంకు మీదే కూర్చుని ఉంటుంది, పుల్లర్ క్రాంకుని లాగుతూ క్రాంకునే నొక్కుతుంది, మర తెగక ఏమవుతుంది. బోల్టు తల సైజు చూసినా కొంచెం ఆచూకీ దొరుకుతుంది, పాత స్ట్రాంగ్‌లైట్, టీ.ఏ.లకి 16, ఇటలీ కాంపగ్నోలోకి 15, జపాన్ వాటికి ఎక్కువగా 14.

నాది చివరికి కార్ల షాపులో వాడే రెండు కొక్కేల బేరింగ్ పుల్లర్‌తో వచ్చింది, క్రాంకు వెనక గుడ్డ పెట్టి మెల్లిగా లాగాను. పెడళ్ళ దగ్గర కూడా జాగ్రత్త, ఫ్రెంచివి 14 మి.మీ. మర, మిగతావి ఎక్కువగా తొమ్మిది పదహారో వంతు అంగుళం, రెండూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ ఒకదానికి ఇంకోటి పట్టదు. ఫ్రెంచి పెడల్ మీద డీ, జీ అని అక్షరాలు ఉంటాయి, డీ అంటే కుడి, జీ అంటే ఎడమ.


తెనాలి_రాలీ:

వచ్చేసింది!!

బాలానగర్ గారూ, మీకు దణ్ణం పెట్టాలి. డ్రిల్లు పట్టుకునే ధైర్యం నాకు చాల్లేదు, లేత్ షాపుకే తీసుకెళ్ళాను, మీ మెసేజ్ మొత్తం ఆయనకి చదివి వినిపించాను, ఆయన నవ్వి ఇది రాసినాయన పని తెలిసినోడు అన్నారు. 6 మి.మీ. దాకా వెళ్ళాక ఒకే దెబ్బ. కొంగలకి గీత కూడా పడలేదు.

బీబీ విప్పాను. ఎడమవైపు లాక్ రింగు, కప్పు వచ్చాయి, లోపల గ్రీజు ఎండి తారులాగా నల్లగా, గట్టిగా ఉంది, చెంచాతో గీకాల్సి వచ్చింది. బాల్సు పావు అంగుళానివి, కుడివైపు 11 ఉన్నాయి, ఎడమవైపు 10 దొరికాయి, అందులో ఒకటి రెండు ముక్కలై ఉంది. పదకొండోది ఏమైందో ఎంత వెతికినా కనపడలేదు. ఇరుసు చదునులు రెండూ పదునుగానే ఉన్నాయి.

ఇప్పుడు రెండు సందేహాలు. కొత్త పిన్నులు 9.5వే తెచ్చాను కానీ సగం దాకే దిగుతున్నాయి, నట్టుకి మర అందట్లేదు. ఇంకోటి, రెండు పిన్నులూ ఒకేవైపు పెట్టాలా, ఎదురెదురుగా పెట్టాలా? ఒకసారి పెట్టి చూస్తే పెడళ్ళు ఒక గీతలో లేవు, ఒకటి కొంచెం వంకరగా ఉంది. పైగా షాపులో కప్పులు అరిగాయి కొత్తవి వేసుకో అంటున్నారు, వేసేయనా?


రాడ్‌బ్రేక్_రాజమండ్రి:

శభాష్ తమ్ముడూ. బాల్సు మొత్తం 22 కొత్తవి వేసెయ్యి, పాతవాటితో కలపకు, సైజులో వెంట్రుక తేడా ఉన్నా బరువంతా పెద్దవాటి మీదే పడుతుంది.

పిన్ను సగం దాకే దిగడం మామూలే, దాన్ని ఆకురాయి పట్టి కూర్చోబెట్టాలి, దుకాణంలో కొన్నది కొన్నట్టు పట్టేది అదృష్టం ఉంటేనే. చదును పక్కన స్కెచ్ పెన్నుతో మొత్తం రంగు పుయ్యి, పిన్ను దూర్చి చిన్న దెబ్బ వేసి మళ్ళీ బయటికి తియ్యి. రంగు ఎక్కడ చెరిగిందో అక్కడే ఇరుసు తగులుతోంది అని. ఒక కొస మాత్రమే చెరిగితే ఆ కొసని నాలుగు గీతలు రాయి, మళ్ళీ రంగు పుయ్యి, మళ్ళీ చూడు. చదును అంతటా రంగు సమానంగా చెరిగేదాకా ఇదే పని. ఏటవాలు మారనివ్వకు, ఆకురాయి ఊగకూడదు. ఒక పిన్నుకి ఎంత రాశావో రెండోదానికీ అంతే రాయి, లేకపోతే పెడళ్ళు గీతలో రావు.

నీ పెడళ్ళు వంకరగా రావడానికి అసలు కారణం పిన్నుల దిక్కు. కుడి క్రాంకుని పైకి నిలబెట్టినప్పుడు నట్టు వెనక చక్రం వైపు వస్తే, ఎడమ క్రాంకుని పైకి నిలబెట్టినప్పుడు కూడా నట్టు వెనక చక్రం వైపే రావాలి. అంటే సైకిలు ఊరికే నిలబెట్టి చూస్తే రెండు నట్లూ ఎదురెదురు దిక్కుల్లో కనపడతాయి, అదే కరెక్టు. రెండూ ఒకే దిక్కు కనపడుతున్నాయంటే ఒకటి తిరగబెట్టావని.

బిగించేటప్పుడు కూడా గొట్టం ఊతం ఉండాలి, ఈసారి తలకిందులుగా, బొడిపె వైపు కొట్టాలి. రెండు మూడు గట్టి దెబ్బలు కొట్టి, నట్టు బిగించి, మళ్ళీ ఒక దెబ్బ కొట్టి, మళ్ళీ నట్టు చూడు. ఒక 40, 50 కిలోమీటర్లు తొక్కాక మరోసారి తప్పకుండా బిగించాలి, ఎందుకంటే కొత్త పిన్ను తొక్కుతుంటే ఇంకొంచెం కూర్చుంటుంది. ఇది మర్చిపోయేవాళ్ళే పిన్నులు మంచివి రావట్లేదు అంటుంటారు.

కప్పుల విషయంలో మాత్రం నా మాట విను, కొత్తవి వెయ్యకు. నీది నాటింగ్‌హామ్ రాలీ, దాని మర అంగుళానికి 26 పళ్ళు, ఇంగ్లీషు మరలో మామూలుగా దొరికేది 24. షాపులో బలవంతంగా తిప్పితే రెండు చుట్లు ఎక్కుతుంది, ఫ్రేము మర తెగుతుంది, ఫ్రేము పోతే ఇంక ఏమీ చెయ్యలేం. పాత కప్పుల్ని కిరసనాయిల్లో నానబెట్టి కడిగి, బాల్సు తిరిగే దారి మీద గోరు నడిపి చూడు. మెరుపు గీత ఉంటే పర్లేదు, గుంటలు గోరుకి తగిలితేనే ఆలోచించాలి. కుడి కప్పు అసలు కదిలించకు, దానిది రివర్సు మర, ఉన్నచోటనే గుడ్డతో తుడిచి గ్రీజు పెట్టెయ్యి.


ఓరుగల్లు_సైకిల్:

అన్నా, పిన్నుకు గ్రీజు పెట్టాల్నా వద్దా అని నాకప్పుడు డౌటు వచ్చింది, చిన్న ఆయిల్ చుక్క రాసిన, గంతే. రెండేండ్ల తర్వాత మల్ల ఇప్పితె సులువుగ వచ్చింది. బీబీ గొట్టం మీద చిన్న నూనె మూత ఉంటది చూడు, దాన్ని తుడిచి అండ్ల నెలకు నాలుగు చుక్కలు పొయ్యి.


తెనాలి_రాలీ:

స్కెచ్ పెన్ను కిటుకు బ్రహ్మాండంగా పనిచేసింది అన్నయ్యా. ఎడమ పిన్ను ఐదుసార్లు, కుడిది ఆరుసార్లు తీసి పెట్టాను, చేతులన్నీ నీలం రంగు. కప్పులు పాతవే ఉంచాను, గుంటలు లేవు. నూనె మూత కూడా దొరికింది, పెయింటు కింద దాక్కుని ఉంది, బాల్ పెన్ను రీఫిల్ కొసతో గీకితే తెరుచుకుంది.

నిన్న పొద్దున్నే నల్లపాడు దాకా వెళ్ళి వచ్చాను. టక్కు లేదు, గరగర లేదు, వెనక హబ్బు టిక్ టిక్ ఒక్కటే వినపడుతోంది. ఇంటికొచ్చి నట్లు చూస్తే ఎడమది పావు చుట్టు బిగిసింది, కుడిది కదల్లేదు. వచ్చే ఆదివారం అమ్మ వస్తోంది, ఈలోపు ఇంకో ముప్పై కిలోమీటర్లు తొక్కి మళ్ళీ ఒకసారి బిగిస్తాను. క్రాంకులకి క్రోమ్ పెట్టించమంటారా, ఉన్న రంగు అలాగే ఉంచేయమంటారా?


బాలానగర్_లేత్:

ఉంచేయండి. క్రోమ్‌కి ఇస్తే ముందు పాత పూత ఊడగొట్టి బఫింగ్ చేస్తారు, ఆ చక్రం కింద కొంగల అంచులు గుండ్రంగా అరిగిపోతాయి.